దాడి కాదు, షెడ్డు కావాలి: పాత సర్క్యూట్ బోర్డుల గురించి ఒక బహిరంగ లేఖ

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పాలనాధికారులకు, మున్సిపల్ కమిషనర్లకు, పరిశ్రమలు, కార్మిక, కాలుష్య నియంత్రణ వ్యవహారాలు చూసే అధికారులకు. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాల్లో సైన్సు చెప్పే అధ్యాపకులకు

నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న పట్టణంలో, బస్టాండు పక్కన సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతున్నాను. 19 ఏళ్లయింది. డిగ్రీలో మైక్రోబయాలజీ చదివాను. ఆ చదువుకు తగ్గ ఉద్యోగం దొరకలేదు. హైదరాబాద్ పోయి రిపేరు నేర్చుకుని వచ్చి షట్టర్ అద్దెకు తీసుకున్నాను. సూక్ష్మజీవుల సంగతి, సర్క్యూట్ బోర్డుల సంగతి రెండూ కాస్తోకూస్తో తెలిసినవాణ్ని కాబట్టే ఈ ఉత్తరం రాసే పని నా మీద పడింది.

మా ఊరి స్క్రాపు యార్డులో పాత ఫోన్ల బోర్డులు, వైర్లు కాల్చి రాగి, బంగారం తీస్తున్నారని ఏడాదిన్నరలో నాలుగు దరఖాస్తులు ఇచ్చాను. మొదటిదానికి రసీదు దక్కింది. రెండోది ఇచ్చినచోట ఇది మా పరిధి కాదన్నారు. మూడోదానికి ఏ జవాబూ లేదు. నాలుగోదాని తర్వాత ఒకరోజు జీపు వచ్చింది, ఫొటోలు తీసుకుంది, వెళ్లింది. వారం రోజులు యార్డుకు తాళం వేసి ఉంది. ఎనిమిదో రోజు రాత్రి మళ్లీ పొగ లేచింది, ఈసారి రెండు కిలోమీటర్ల అవతల, చెరువులోకి నీళ్లొచ్చే కాలువ పక్కన. ఏ కార్యాలయం, ఎవరి యార్డు అనేది ఇక్కడ రాయను. పేరు రాస్తే ఆ ఒక్కటి మూతపడి పక్క మండలంలో ఇంకొకటి తెరుచుకుంటుంది. అలా జరగకూడదనే ఈ ఉత్తరం.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. ఆ యార్డులో కాలే బోర్డుల్లో నావీ ఉన్నాయి. డెడ్ అయిన ఫోన్లు, నీళ్లలో పడినవి, జనం తిరిగి తీసుకెళ్లనివి, అన్నింటి బోర్డులూ ఊడదీసి గోనెసంచిలో వేసేవాణ్ని. రెండు మూడు నెలలకోసారి ఆటో వచ్చేది, కాటా పెట్టేది, డబ్బులిచ్చేది. ఎక్కడికి తీసుకెళ్తున్నారని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. 16 ఏళ్లు అలాగే గడిచింది.

అడిగేలా చేసింది ఒక కుర్రాడి చెయ్యి. ఇరవై ఏళ్లుంటాయేమో. ఫోన్‌లో ఫింగర్‌ప్రింట్ లాక్ పనిచేయడం లేదని వచ్చాడు. సెన్సార్ బాగానే ఉంది, నా వేలిముద్ర ఎక్కించి చూస్తే తెరుచుకుంటోంది. అతని వేళ్లు చూశాను. కొసలు పసుపుపచ్చగా ఉన్నాయి. "పెళ్లింటి నుంచి వస్తున్నవా?" అన్నాను నవ్వుతూ. "యాసిడ్ అన్నా. ఎంత కడిగినా పోదు," అన్నాడు. డిగ్రీ ల్యాబ్‌లో ఒక పరీక్ష చేసేవాళ్లం. గుడ్డు తెల్లసొన మీద నత్రికామ్లం వేసి వేడిచేస్తే పసుపు రంగుకు తిరుగుతుంది, ప్రోటీన్ ఉందనడానికి అదే రుజువు. ఇక్కడ ఆ పరీక్ష మనిషి చర్మం మీదే జరుగుతోంది. వేళ్ల మీద గీతలు అరిగిపోయి నున్నగా అయ్యాయి. ఫోన్ సంగతి పక్కన పెట్టండి, రేషన్ షాపు మిషన్ కూడా వేలు తీసుకోవడం లేదని, వాళ్ల అమ్మ వచ్చి వేలు పెడితేనే బియ్యం ఇస్తున్నారని చెప్పాడు. ఆ రోజు నుంచి నా బోర్డులు ఆటోకు వేయడం మానేశాను.

ఆ యార్డులో జరిగే పని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలియనివారి కోసం క్లుప్తంగా చెబుతాను. వైర్లను రాత్రిపూట పాత టైర్ల మంట మీద వేస్తారు. ప్లాస్టిక్ కాలిపోయి రాగి తీగ మిగులుతుంది. బోర్డులను పెనం మీద వేడిచేసి ఐసీలు (చిప్పులు) గీకేస్తారు. బంగారు పూత ఉన్న ముక్కలను నత్రికామ్లం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన డబ్బాలో వేస్తారు. పుస్తకాల్లో దాన్ని రాజద్రవం అంటారు. అందులోంచి గోధుమ రంగు పొగ లేస్తుంది. పని అయ్యాక మిగిలిన ద్రవం కాలువలోకి పోతుంది. మొత్తం బోర్డులో వాళ్ల చేతికొచ్చేది బంగారంలో కొంత, రాగిలో కొంత. మిగిలిందంతా గాలికీ నీటికీ మట్టికీ పోతుంది.

దీనివల్ల మాకు జరుగుతున్నవి ఇవి:

1. నీళ్లు. నీళ్లు చెడితే ఏమవుతుందో ఈ జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంకర తిరిగిన కాళ్లతో, వంగిన నడుములతో బతుకులు గడిచిపోయాయి. 2015లో చౌటుప్పల్‌లోనే మంచినీళ్ల పథకం పైలాన్ ఆవిష్కరించారు. ఇప్పుడు కృష్ణా నీళ్లు తాగుతున్నాం, సంతోషమే. కానీ బర్రెలు తాగేది చెరువు నీళ్లే, పొలాలకు పారేది బోరు నీళ్లే. ఫ్లోరైడ్ రాళ్లలోంచి వచ్చింది, దానికి ఎవర్నీ తిట్టలేం. ఈ రాగి, సీసం, ఆమ్లం మాత్రం మనుషులు డబ్బాలతో మోసి పోస్తున్నవి. పాత బోర్డుల టంకంలో మూడో వంతుకు పైగా సీసమే. సీసం ముందుగా దెబ్బతీసేది పిల్లల మెదడును.

2. పొగ. వైర్ల మీద ఉండేది పీవీసీ, అంటే క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్. బోర్డు మంటల్లో తొందరగా అంటుకోకుండా బ్రోమిన్ రసాయనాలు కలుపుతారు. వీటిని బహిరంగంగా కాలిస్తే డయాక్సిన్లు, ఫ్యూరాన్లు అనే విషాలు పుడతాయి. అవి కొవ్వులో చేరి ఏళ్ల తరబడి పోవు. మేసిన గడ్డి ద్వారా పాలలోకీ వస్తాయి. యార్డు పొగ గాలికి కొట్టుకొచ్చే వైపున్న తండాలో పాడి మీద బతికే ఇళ్లే ఎక్కువ.

3. పనివాళ్లు. గ్లవ్స్ లేవు, మాస్కు లేదు, హాజరు పట్టీ లేదు. ప్రమాదం జరిగితే వాళ్లు అక్కడ పనిచేశారనడానికి రుజువే ఉండదు. దాడి జరిగినప్పుడు పట్టుబడేదీ వాళ్లే. సరుకు కొనేవాడు ఆ సమయానికి అక్కడ ఉండడు.

4. సరుకు నష్టం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. మన పక్కనున్న రాయచూరు జిల్లాలో హట్టి బంగారు గని ఉంది. గనుల్లో టన్ను రాయి తవ్వి పొడి కొడితే దొరికేది కొన్ని గ్రాముల బంగారం. టన్ను పాత ఫోన్లలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. సర్క్యూట్ బోర్డు బరువులో దాదాపు ఐదో వంతు రాగి ఉండవచ్చు. భూమి లోతుల్లోంచి తవ్వాల్సినది మన ఇళ్లలో అటక మీద, మంచం కింద పడి ఉంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచమంతా కలిపి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త వచ్చింది. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకు తేలింది అందులో 22.3 శాతం.

యార్డు మూయించండి అని ఒక్క మాట రాసి ఊరుకోవచ్చు. దానివల్ల ఏమీ కాదని మా ఊళ్లోనే చూశాం. మొరాదాబాద్‌లో (ఉత్తరప్రదేశ్) రామగంగ నది ఒడ్డున బోర్డుల నల్ల బూడిద గుట్టలు పడిన సంగతి దేశమంతా చూసింది. మంటను తరిమితే ఇంకోచోట లేస్తుంది. రాగి దొరికినంతకాలం దాన్ని తీసేవాడు ఉంటాడు. కాబట్టి తీసే దారి మార్చాలి. ఆ దారుల్లో ఒకటి, నేను చదువుకున్నది, బ్యాక్టీరియాతో రాగి కరిగించడం.

దాని పేరు అసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్. పేరు పలకడానికి నాలుక తిరగదు కానీ దాని తిండి మన బత్తాయి రైతులందరికీ తెలిసిందే: అన్నభేది. తోటల్లో ఆకు పసుపు తిరిగితే ఇనుము లోపమని పిచికారీ చేస్తామే, అదే. బోర్డుల పొడి వేసిన ట్యాంకులో, నీళ్లలో కరిగిన అన్నభేదిలోని ఇనుము నుంచి ఈ జీవి ఒక ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. ఆ బలంతో, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో ఒళ్లు పెంచుకుంటుంది. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న ఇనుము ఊరుకోదు, పక్కనున్న రాగి మీద పడి దాని దగ్గర లాక్కుంటుంది. రాగి కరిగి నీళ్లలోకి దిగుతుంది. ఇనుము మళ్లీ మొదటి రూపానికి వస్తుంది. బ్యాక్టీరియా మళ్లీ దాన్ని పట్టుకుంటుంది. ఒకరి దగ్గర చేబదులు తెచ్చి ఇంకొకరికి కట్టినట్టు, గాలి అందుతున్నంతసేపు ఈ తిప్పుడు ఆగదు.

నీళ్లు నీలంగా మారాక రాగిని బయటికి తీయడం స్కూలు పిల్లలకు తెలిసిన పనే. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపిన నీళ్లలో ఇనుప మేకు వేస్తే మేకు మీద ఎర్రగా పొర కడుతుంది కదా, అదే. తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమం కోసం మైలుతుత్తం నానబెట్టే రైతును ఇనుప బకెట్ ఎందుకు వాడొద్దంటారో అడగండి, సంగతంతా అతనే చెబుతాడు. (అలాగని ఈ ట్యాంకులో వచ్చిన నీలం నీళ్లను ఎవరూ తోటకు కొట్టకండి. అందులో రాగితోపాటు ఇంకా చాలా ఉంటాయి.)

ఇదేదో నిన్న మొన్న పుట్టిన మాట కాదు. 1947లో అమెరికాలో బొగ్గు గనుల నుంచి కారే ఆమ్లపు నీళ్లలో ఈ జీవిని గుర్తించారు. చిలీలో రాగి గనుల్లో, ఫిన్లాండ్‌లో నికెల్ గనిలో రాయిని గుట్టలు పోసి బ్యాక్టీరియాతో లోహం కరిగిస్తున్నారు. బోర్డుల మీద ల్యాబుల్లో పాతికేళ్లుగా ప్రయోగాలు జరుగుతున్నాయి. 2019లో అంతరిక్ష కేంద్రంలో కూడా రాయి నుంచి అరుదైన మూలకాలు తీయడానికి బ్యాక్టీరియాను పెట్టి చూశారు. అంతరిక్షం దాకా పోయిన పని మా మండలానికి రాలేదంటే బాధగానే ఉంటుంది.

బ్యాక్టీరియా అనగానే అన్నీ అవే చూసుకుంటాయని చెప్పే పెద్దమనుషులు కూడా తయారవుతారు. అలాంటి మాటలు నమ్మి టెండర్లు పిలవకండి. ఇందులో ఉన్న ఇబ్బందులు నేనే చెబుతాను.

ఇది నిదానంగా సాగే పని. రాజద్రవం గంటల్లో చేసేదానికి బ్యాక్టీరియాకు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. దీనికీ ఆమ్లం కావాలి, బ్యాటరీ యాసిడ్‌నే బాగా పలచన చేసి నీటిని పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత) 2 దగ్గర ఉంచాలి. బోర్డు పొడిలోని లోహాలు ఎక్కువైతే బ్యాక్టీరియాకే విషం. అందుకే ముందు దాన్ని వేరుగా పెంచి, తర్వాత లీటరుకు పది గ్రాముల చొప్పున పొడి కలపడం చాలా ప్రయోగాల్లో పాటించిన పద్ధతి. ఆ లెక్కన 1000 లీటర్ల ట్యాంకులో పట్టేది 10 కిలోల పొడి. అందులో రాగి సుమారు 2 కిలోలు. బ్యాచ్‌కు పది రోజులనుకుంటే నెలకు ట్యాంకుకు 6 కిలోల రాగి. దీంతో ఒక్క కుటుంబం కూడా గడవదు. ఈ లెక్క దాచిపెట్టి ఎవరైనా ప్రాజెక్టు రిపోర్టు ఇస్తే వెనక్కి పంపండి.

ఎండల సంగతి ఇంకొకటి. ఈ జీవికి 30 డిగ్రీలు ఇష్టం. 40 దాటితే పనిచేయదు. మే నెలలో నల్లగొండలో రేకుల షెడ్డు కింద ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు, ఏసీ గదిలోంచి అయినా తెలిసే ఉంటుంది. 45 డిగ్రీల పైన కూడా ఇనుము తిని బతికే సల్ఫోబాసిల్లస్ లాంటి జీవులున్నాయి. వాటినీ బోర్డుల మీద వాడి చూశారు. మన వాతావరణానికి ఏది పనికొస్తుందో తేల్చాల్సింది ఇక్కడి అధ్యాపకులే. స్విట్జర్లాండ్ ల్యాబ్‌లో వచ్చిన ఫలితం మా రేకుల షెడ్డులో రాదు.

బంగారం మాటకొస్తే మరీ జాగ్రత్త. క్రోమోబాక్టీరియం వయొలేసియం అని ఊదా రంగు బ్యాక్టీరియా ఒకటి ఉంది. అది కొద్దికొద్దిగా సైనైడ్ తయారుచేసి బంగారాన్ని కరిగిస్తుంది. వినడానికి బాగుంటుంది. కానీ ల్యాబుల్లో కూడా చాలాసార్లు సగం బంగారమైనా బయటికి రాలేదు. రాగి మిగిలి ఉంటే సైనైడ్‌నంతా రాగే తినేస్తుంది. పైగా ఆ బ్యాక్టీరియా గాయాల్లోంచి ఒంట్లోకి పోతే, అరుదుగానే అయినా, ప్రాణం తీసే జబ్బు చేస్తుంది. చేతుల మీద కాలిన గాయాలున్న పనివాళ్ల మధ్య దాన్ని పెట్టే ఆలోచన ఎవరికీ రాకూడదు. బంగారం పని యార్డులో వద్దు. రాగి పోయాక మిగిలే పొడిలో బంగారం పాలు పెరుగుతుంది. ఆ పొడిని రిజిస్టర్డ్ రీసైక్లర్‌కు రసీదుతో అమ్మితే సరిపోతుంది. సీసం కూడా ఆ పొడిలోనే ఉండిపోతుంది కాబట్టి దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే మూసిన డ్రమ్ముల్లో పంపాలి.

బ్యాక్టీరియా ట్యాంకు అయినా కారితే కారినట్టే. ఫిన్లాండ్‌లో నేను చెప్పిన ఆ నికెల్ గనిలోనే 2012లో మడుగు లీకై లోహపు నీళ్లు చుట్టుపక్కల వాగుల్లో కలిశాయి. అక్కడ అన్ని చట్టాలూ ఉన్నాయి, అన్ని పరికరాలూ ఉన్నాయి. అయినా జరిగింది.

ఇన్ని చిక్కులున్నా ఎందుకు అడుగుతున్నానంటే, పొగ లేదు, గోధుమ రంగు ఆవిరి లేదు, వేలు కాలే గాఢమైన ఆమ్లం లేదు. ట్యాంకు పక్కన నిలబడి పనిచేసి సాయంత్రం ఇంటికి పోయి అన్నం కలుపుకోవచ్చు. కూలి గిట్టుబాటయ్యేది ట్యాంకు వల్ల కాదు. పద్ధతిగా విప్పడం, వేరుచేయడం, రసీదు మీద అమ్మడం వల్ల. అసలు సంపాదన అక్కడే ఉంది. ట్యాంకు ఆ షెడ్డులో ఒక మూల.

ఇదంతా కొత్త చట్టం చేసి ఇవ్వమని అడగడం లేదు. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు 2012 మే నుంచి అమలులో ఉన్నాయి, 2016లో మారాయి, 2022లో మళ్లీ మారి 2023 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్నాయి. పారిశ్రామిక వాడల్లో ఈ-వ్యర్థాలు విప్పడానికి, రీసైకిల్ చేయడానికి స్థలమో షెడ్డో కేటాయించాలని, ఈ పనిలో ఉన్న కూలీలను గుర్తించి నమోదు చేయాలని, సంఘాలుగా ఏర్పడేందుకు సాయపడాలని, శిక్షణ ఇవ్వాలని, వాళ్ల ఆరోగ్యం, భద్రత ఏటా చూడాలని రాష్ట్ర ప్రభుత్వాలకు ఆ నిబంధనలే చెబుతున్నాయి. ఫోన్లు, టీవీలు అమ్మే కంపెనీలు తాము అమ్మినదానిలో నిర్ణీత శాతం రీసైకిల్ అయినట్టు సర్టిఫికెట్లు కొనాలి. 2023-24లో ఆ వాటా 60 శాతం, 2025-26కు 70, 2027-28కు 80. బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము, ఈ నాలుగింటి లెక్క మీద ఆ సర్టిఫికెట్లు పుడతాయి. అంటే డబ్బు వ్యవస్థలో ఉంది. మా ఊరి కుర్రాడి దాకా రావడానికి దారి లేదు, అంతే.

మేం కోరుతున్నవి:

1. రెండు జిల్లాల్లోనూ ఇప్పుడున్న ఏదో ఒక పారిశ్రామిక వాడలో ఒక్కో షెడ్డు కేటాయించండి. ఊరికీ, చెరువుకూ, కాలువకూ దూరంగా, కింద కాంక్రీటు నేల, చుట్టూ కట్ట ఉన్నది. అద్దె మొదటి రెండేళ్లు మాఫీ చేయండి.

2. ఇప్పుడు కాల్చే పనిలో ఉన్నవారినే అందులోకి తీసుకోండి. వేరే ఊరి నుంచి కాంట్రాక్టరును తెచ్చి వీళ్లను రోడ్డున పడేస్తే రాత్రి మంటలు ఆగవు. వాళ్ల పేర్లు నమోదు చేసి గుర్తింపు కార్డు ఇవ్వండి. మొదటి ఆరు నెలలు కేసులు పెట్టబోమని చెప్పండి. ఆ తర్వాత కూడా ఎవడైనా కాలిస్తే, ముందు సరుకు కొన్నవాణ్ని పట్టుకోండి.

3. విశ్వవిద్యాలయాల వారికి: షెడ్డులో 200 లీటర్ల ట్యాంకులు రెండు పెట్టి ఏడాదిపాటు మీ విద్యార్థులతో నడిపించండి. వేసవిలో ఎంత, చలికాలంలో ఎంత, కరెంటు ఎంత, సున్నం ఎంత, మిగిలిన నీళ్లలో ఏముంది, అన్నీ తెలుగులో బోర్డు మీద రాసి పెట్టండి. గిట్టకపోతే గిట్టలేదని రాయండి. హైదరాబాద్‌లో సీ-మెట్ సంస్థ బోర్డుల రీసైక్లింగ్ మీద ఏళ్లుగా పనిచేస్తోంది, వాళ్లను పిలిచి అడగండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టు అంటే ప్రతి ఏడాదీ ఆకు రసంతో బ్యాక్టీరియాను చంపే ప్రయోగమే చేయిస్తారు (మేమూ అదే చేశాం). ఒక్క ఏడాది వాటితో పని చేయించి చూడండి.

4. ట్యాంకు నీళ్లు పరీక్ష చేయకుండా ఒక్క బకెట్ కూడా బయటికి పోకూడదు. సున్నంతో ఆమ్లం విరిచి, అడుగున పేరుకున్న బురదను ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపాలి. పరీక్ష ఫలితం నెలనెలా గ్రామ పంచాయతీ గోడ మీద అంటించాలి.

5. పాత యార్డుల చుట్టూ కిలోమీటరు మేర బోరు నీళ్లు, చెరువు నీళ్లు, మట్టి పరీక్ష చేయించండి. అక్కడి అంగన్‌వాడీ పిల్లల రక్తంలో సీసం ఎంతుందో చూడండి. ఫలితం ఏదైనా సరే తల్లిదండ్రులకు చెప్పండి.

6. ప్రతి మున్సిపాలిటీలో రిపేరు షాపులకు, ఇళ్లకు కలిపి నెలకో రోజు సేకరణ పెట్టండి. బ్యాటరీలు వేరు, బోర్డులు వేరు. చెత్త ఆటోలో రోజూ పాట వినిపిస్తున్నారు కదా, అందులోనే ఈ తేదీ కూడా చెప్పించండి. రిపేరు షాపుల వాళ్లం సరుకు ఇస్తాం, కానీ స్క్రాపు ఆటోవాడు ఇచ్చే రేటులో కనీసం సగమైనా రావాలి. ఉచితంగా ఇమ్మంటే మా వాళ్లలో పదిమందిలో ఒక్కడు ఇస్తాడేమో.

7. యాసిడ్ అమ్మకం. నత్రికామ్లం డబ్బాలు ఎవరు, ఎంత కొంటున్నారో దుకాణాల రిజిస్టర్లు చూస్తే తెలుస్తుంది. ఇది మీరు రేపే చేయగల పని.

మహబూబ్‌నగర్ వైపు అధికారులకు విడిగా ఒక మాట. దివిటిపల్లి దగ్గర లిథియం బ్యాటరీల పరిశ్రమకు స్థలమిచ్చారు, పిల్లలకు ఉద్యోగాలొస్తే మాకూ ఆనందమే. కొత్త బ్యాటరీలు తయారయ్యే చోటే పాత బ్యాటరీలు ఎక్కడికి పోతాయన్నది కూడా ఇప్పుడే తేల్చండి. ఉబ్బిన బ్యాటరీ పగిలితే ఎలా మండుతుందో నా షాపు బల్ల మీద నల్లటి మచ్చ చూపిస్తాను రండి.

30 రోజులు చూస్తాను. ఆ లోపు ఏదో ఒక శాఖ నుంచి, కనీసం ఈ పని మాదేనని ఒక ఉత్తరం వచ్చినా చాలు. రాకపోతే నాలుగు దరఖాస్తుల మీద తీసుకున్న చర్యలు ఏమిటో, షెడ్డు కేటాయింపు ఎక్కడిదాకా వచ్చిందో సమాచార హక్కు చట్టం కింద శాఖలవారీగా అడుగుతాం. నాతోపాటు సంతకం పెట్టినవారిలో పదకొండు మంది రిపేరు షాపుల వాళ్లు, ఇద్దరు స్కూలు టీచర్లు, తండా నుంచి ఆరుగురు పాడి రైతులు ఉన్నారు. పసుపు వేళ్ల కుర్రాడు సంతకం పెట్టలేదు. పెడితే పని పోతుంది.

ప్రస్తుతం నా షాపు వెనక గదిలో మూడు గోనెసంచుల బోర్డులు ఉన్నాయి. కాటా వేయించాను, 74 కిలోలు. ఆటోవాడు వారం విడిచి వారం వచ్చి అడిగిపోతున్నాడు. వాటిని ఎక్కడికి తెచ్చి ఇవ్వాలో చెప్పండి.

ఇట్లు,
ఒక సెల్‌ఫోన్ రిపేరు షాపు యజమాని, తోటి సంతకందారులు
నల్లగొండ జిల్లా